మాసయ్య అడిగిన తొవ్వ

వనపర్తిలో పేపర్ భానుప్రకాశ్ అంటే ఒకప్పుడు తెలియనివాళ్లు లేరు. తెల్లవారకముందే బస్టాండు దగ్గర కట్టలు విప్పి, సైకిళ్ల మీద ఊరంతా పంచేవాణ్ని. ఇప్పుడు ఆ కట్టను చంకలో పెట్టుకుని నడిచి పోవచ్చు, అంత చిక్కిపోయింది. జనం వార్తలు చదవడం మానేసి చూడటం మొదలుపెట్టారు. చూడటమని కూడా అనలేం, బొటనవేలితో పైకి తోసేస్తున్నారు. అందుకే బిజినేపల్లి రోడ్డు మీద ఉన్న నా డబ్బా కొట్టులో పేపర్లకంటే నీళ్ల సీసాలు, చిప్స్ పొట్లాలే ఎక్కువ. నాకు కోపం ఎక్కువని మా ఆవిడ మాలతి అంటుంది. ఎక్కువే. మాసయ్య సంగతి ఎత్తితే ఇంకా ఎక్కువవుతుంది, ముందే చెబుతున్నాను.

నా డబ్బాకు ఎదురుగా రోడ్డు దిగితే మాసయ్య వాళ్ల గేరి. మా దిక్కు వాడను గేరి అంటారు. ఆ గేరిలో కొన్ని ఇళ్లవాళ్లు గుడికి పోతారు, కొన్ని ఇళ్లవాళ్లు చర్చికి పోతారు, రెండింటికీ పోయేవాళ్లూ ఉన్నారు. చనిపోతే మాత్రం అందరూ ఒక్కచోటికే పోయేవారు. గేరి వెనక చెలకల మధ్య, రెండు పెద్ద వేపచెట్ల కింద వాళ్ల బొందలగడ్డ ఉండేది. అక్కడ సిలువ పక్కనే పసుపు పూసిన రాయి ఉండేది, ఎవరూ ఎవరితో తగువు పడలేదు. ఆ నేల ఎవరి పేర ఉందో కూడా ఎవరికీ పట్టలేదు. చచ్చినవాళ్లకు పాసుపుస్తకం ఎవరిస్తారు?

మాసయ్య వయసులో ఉన్నన్నాళ్లూ ఊళ్లో ఉన్నది తక్కువ. గుంపులో కలిసి మట్టిపనికి పోయేవాడు. పుణె దిక్కు, సూరత్ దిక్కు, కాలువలు ఎక్కడ తవ్వితే అక్కడికి. పారపనిలో అతనికన్నా బలవంతులు గుంపులో చాలామంది ఉండేవారు. కానీ కాంట్రాక్టరు దగ్గరికో ఇంజనీరు దగ్గరికో పోయి నోరు విప్పాల్సి వస్తే అందరూ మాసయ్యనే ముందుకు తోసేవారు. ఒకసారి మహారాష్ట్రలో ఎండాకాలం నీళ్ల ట్యాంకరు రావడం ఆగిపోయింది. కుర్రవాళ్లు పారలు కింద పడేసి అరుద్దామన్నారు. మాసయ్య ఒక్కడే పోయి సూపర్‌వైజరు ముందు చేతులు కట్టుకుని, వచ్చీరాని భాషలో ఆయన పిల్లల బాగోగులడిగి, ఆయన చేయి చల్లనిదన్నాడు. అటువంటి దొర కింద పనిచేయడం తమ అదృష్టమన్నాడు. ఆ తర్వాత మెల్లగా నీళ్ల సంగతి ఎత్తాడు. పొద్దు గూకకముందే ట్యాంకరు వచ్చింది.

ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ చివర ఒకటే మాట.

"పెద్దోని కాడికి పోతే ముందుగాల మంచి మాట పెట్టాలె సేటూ, ఎనుక మన బాధ పెట్టాలె. కడుపు నిండినోడే పక్కోని ఆకలి ఇంటడు."

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు. మాసయ్య ఆ సామెతనే జీవితసూత్రం చేసుకున్నాడు. గేరిలో పింఛను ఆగినా, బోరింగు చెడిపోయినా, ఎవరి పిల్లకైనా హాస్టల్లో సీటు కావాలన్నా మాసయ్యనే ముందు నిలబెట్టేవారు.

అతని భార్య జమ్ములమ్మ పోయి మూడో ఏడు నడుస్తోంది. అతను వలసలు మాని ఇంటికి చేరిన కొన్నాళ్లకే ఆమె మంచాన పడింది. కాపురం చేసిన కాలమంతా కూడితే ఎంతవుతుందో అతనికే తెలియదు. ఆమెను వేపచెట్లకు కాస్త ఎడంగా, సాయన్న సిలువకూ బాలమ్మ రాయికీ నడుమ పెట్టారు. మాసయ్య ఆ పక్కన ఒక మనిషి పట్టేంత నేల చుట్టూ గుండ్రాళ్లు పేర్చి వచ్చాడు. బస్సులో సీటు మీద తువ్వాల వేసినట్టు నేల ఆపుకున్నాడని నేను ఎగతాళి చేశాను.

"అవ్, ఆపుకున్న. బతికున్నన్ని దినాలు ఆమెను ఒక్కదాన్నే పండబెట్టిన, ఇప్పుడన్న పక్కకుంట" అన్నాడు.

రోజూ సాయంత్రం బండ్ల బాట వెంట నడిచి పోయి, గడ్డి పీకి, ఒక బీడీ కాల్చి, ఆ పూట కోడలు ఏం వండిందో కొడుకు ఆటోకు ఏమైందో ఆమెకు చెప్పి వచ్చేవాడు.

అలాంటిది ఒక ఎండాకాలం ఆ బండ్ల బాట మీద గోడ లేచింది. వనపర్తి జిల్లా అయినప్పటి నుంచి మా రోడ్డు పక్క చెలకల్లో కందులు పండటం మానేసి రాళ్లు పండుతున్నాయి, తెల్ల రంగు వేసిన ప్లాటు రాళ్లు. ఆ భూమి అమ్మినవాళ్లు హైదరాబాదులో ఉంటారు, కొన్నవాళ్లు ఎక్కడుంటారో తెలియదు. దానికి నందనవనం కౌంటీ, ఫేజ్ టూ అని పేరు పెట్టారు. ఫేజ్ వన్ ఎక్కడుందని అడిగితే సేల్స్ కుర్రాడు నవ్వి కూల్‌డ్రింక్ కొనుక్కుని పోయాడు. చుట్టూ రెండు నిలువుల గోడ, దానిమీద ఇనుప రేకులు, ముందర సింహాల బొమ్మలతో ఒక కమాను. బయటి నుంచి చూస్తే బొందలగడ్డ వేపచెట్ల కొసలు మాత్రం గోడ మీదుగా కనిపిస్తూ ఉండేవి.

వానలు పడే రోజుల్లో గేరిలో పుష్పమ్మ అనే ముసలామె చనిపోయింది. పాడె ఎత్తుకుని కమాను దాకా పోతే గేటు తీయలేదు. చివరికి వాగు ఒడ్డున బురదలో పెట్టి వచ్చారు. ఆ రాత్రి గేరి అంతా కూర్చుని మాసయ్యను చూసింది.

"నువ్వే మాట్లాడాలె మాసన్నా. నీ నోటికే పని అయితది" అన్నారు. అదే నోటిని తర్వాత తిట్టినవాళ్లు కూడా వాళ్లే, అది గుర్తుంచుకోండి.

కమాను ముందర కొత్త రోడ్డు ప్రారంభానికి మహిపాల్ వస్తున్నాడని తెలిసింది. మహిపాల్ మా వార్డు నాయకుడు. అతని మెడలో కండువా రంగు మారినప్పుడల్లా మా రోడ్డు మీద ఫ్లెక్సీలు మారుతుంటాయి, నవ్వు మాత్రం అదే నవ్వు. ఆ రోజు అతని వెంట రాకేష్ కూడా వచ్చాడు. రాకేష్ 'గరం గరం వనపర్తి' అని ఫోన్లో ఒక చానెల్ నడుపుతాడు. ఒకప్పుడు నా దగ్గర పేపర్ ఊరికే చదివిపోయేవాడు, ఇప్పుడు నా పేపర్‌కే నూకలు చెల్లేలా చేశాడు. అతను మైకు తెచ్చి మాసయ్య మూతి ముందు పెట్టాడు. నేను డబ్బా వదిలి దగ్గరకు పోయి నిలబడ్డాను, అందుకే మాసయ్య ఏం మాట్లాడాడో నాకు మాట మాటా తెలుసు.

"మహిపాలన్న సల్లగుండాలె. గీ రోడ్డు జూడుండ్రి, అద్దమోలె ఉన్నది. మేము పుట్టినకాడికెల్లి గిటువంటి రోడ్డు జూడలే. గీ నందనవనమోళ్లు గూడ మంచోళ్లు. ఎనుకట గీడ పాములు తిరుగుతుండె, ఇప్పుడు కార్లు తిరుగుతున్నయి. మా దిక్కు ఎలుగు తెచ్చిండ్రు. ఆళ్ల పిల్లజెల్ల మంచిగుండాలె" అని మొదలుపెట్టాడు.

ఇంకా చాలా పొగిడాడు. మహిపాల్ తల ఊపుతూనే ఉన్నాడు. కడుపు నిండిందనుకున్నాక మాసయ్య అసలు మాటకు వచ్చాడు.

"గని సారూ, మా ఆడది గా గోడ అవుతల పండుకున్నది. ఆమెను జూడనీకి తొవ్వ లేదు. మొన్న పుష్పమ్మను వాగుల పెట్టినం. జర తొవ్వ ఇడిపియ్యుండ్రి. రేపు నేను గూడ ఆడికే పోవాలె గద."

అంటూనే కళ్లు తుడుచుకున్నాడు. మహిపాల్ భుజం మీద చెయ్యి వేసి "చూద్దాం తాతా" అన్నాడు. గేరివాళ్లు పని అయిపోయినట్టే ఇళ్లకు పోయారు.

మర్నాడు పొద్దున్నే ఆ వీడియో వచ్చింది. మాసయ్య దగ్గర ఉన్నది బటన్ల ఫోను, అందుకని నా ఫోన్లో నేనే చూపించాను. రోడ్డు అద్దంలా ఉందన్న మాట ఉంది. వెలుగు తెచ్చారన్న మాట ఉంది. ఆ తర్వాత మాటలు లేవు, వీణ సంగీతం పెట్టారు. ఆ సంగీతంలో మాసయ్య కళ్లు తుడుచుకుంటున్నాడు. కింద పెద్ద అక్షరాలు: 'మా బతుకులు మారాయి! ఆనందంతో కంటతడి పెట్టిన తాత'.

మాసయ్య ఫోను పట్టుకుని మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాను. అది అయిపోయాక ఫోను వెనక్కి తిప్పి చూశాడు.

"నేను ఎనుక జెప్పిన మాట యాడ పోయింది సేటూ?"

రాకేష్‌ను పిలిపించి కడిగేశాను. వాడు సిగ్గుపడతాడేమోనని చూశాను, పడలేదు. చెడ్డవాడిలా కూడా కనపడలేదు, నాకు అదే ఎక్కువ మండింది.

"ముప్పై సెకండ్ల దాంక నడుస్తది తాతా, అంతకంటే ఎవరు జూడరు. నువ్వు అసలు మాట కాడికొచ్చే సరికే టైం ఒడిసింది. ఏడుపైతే మంచిగ పడ్డది, గది ఇడువబుద్ధి కాలే" అన్నాడు మాసయ్యతో. నందనవనం వాళ్ల ప్రకటన తన చానెల్‌కు వస్తున్న సంగతి నేను గుచ్చి అడిగితే గానీ చెప్పలేదు.

"అట్లయితే ఇంకోసారి తియ్యి నాయినా. ఈసారి తొవ్వ మాటే ముందుగాల జెప్త" అన్నాడు మాసయ్య.

"నిన్న గట్ల, ఇయ్యాల గిట్ల పెడితె నా చానెల్‌ను ఎవరు నమ్ముతరు తాతా?" అని బండి ఎక్కాడు రాకేష్. నమ్మకం గురించి వాడు నాకు పాఠం చెప్పి పోయాడు.

వీడియో ఊరంతా తిరిగింది. గద్వాల దాకా, కొల్లాపూర్ దాకా పోయింది. సోమశిల పడవ మీద కూర్చుని ఎవరో చూశారట, ఫోన్ చేసి మాసయ్య కొడుకు అరుణ్‌ను అభినందించారు. మహిపాల్ మనుషులు దాన్ని వాట్సాప్ గ్రూపులన్నింటిలో వేసి దండాలు పెట్టారు. అవతలి పార్టీవాళ్లు అదే వీడియో మీద ఎర్ర గుండ్రం గీసి 'పెయిడ్ ఆర్టిస్టు' అని రాశారు. వీడియో కింది కామెంట్లను కోడలు అఖిల చదువుతూ మామకు వినపడకుండా గొంతు తగ్గించేది. ముసలోడికి ఎంత ముట్టింది, ఒక ప్లాటా రెండు ప్లాట్లా, ఈ వయసులో ఇదేం పని. నెలరోజులు రెండు పార్టీలూ మాసయ్య ముఖాన్ని చెరొక చెవి పట్టుకుని గుంజాయి. ఆ వందల కామెంట్లలో తొవ్వ అనే మాట ఒక్కటి లేదు, నేను కూర్చుని వెతికాను.

ఇక గేరివాళ్లు. వాళ్లు ఒక ఆఫీసుకు అర్జీ పట్టుకుని పోయారు. అక్కడి సారు అర్జీ చదవకుండానే ఫోను తీసి వాళ్లకే చూపించాడు.

"మీ గేరాయనే సంతోషం పట్టలేక ఏడుస్తున్నడు. మళ్ల మీకేం కష్టమొచ్చింది?"

వాళ్లు తలలు దించుకుని వచ్చారు. వచ్చి ఆ తలలు మాసయ్య మీద ఎత్తారు. గేరి నుంచి అరుణ్ ఆటో ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. చర్చిలో మాసయ్య పక్క చాప ఖాళీగా ఉండేది. మాసయ్య పొగడ్తల తర్వాత అడిగిన తొవ్వ మాట అందరూ ఆ రోజు అక్కడే నిలబడి విన్నవాళ్లే. అయినా చెవితో విన్నదానికంటే ఫోన్లో చూసిందే నిజమైపోయింది. చదువురానివాళ్లని అనకండి, గేరిలో డిగ్రీ చదివినవాళ్లు ముందు తిట్టారు.

ఒకరోజు సాయంత్రం, గడ్డి పీకే అలవాటున్న చేతులు ఊరుకోక కాబోలు, మాసయ్య నడుచుకుంటూ కమాను దాకా పోయాడు. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్. నరేందర్ అని, అమ్రాబాద్ దిక్కు నుంచి పనికి వచ్చినవాడు. అతను మాసయ్యను చూడగానే లేచి నిలబడ్డాడు.

"వీడియో తాతవు గదా! రా రా తాతా. మా సారోళ్లు నీ వీడియో ఆఫీసుల పెద్ద టీవీ మీద నడిపిస్తరు" అని కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు, గేటు తీశాడు. గేరి మొత్తానికీ పుష్పమ్మ శవానికీ తెరుచుకోని గేటు ఆ రోజు మాసయ్యకు తెరుచుకుంది.

లోపల ఏం చూశాడో మర్నాడు పొద్దున నా డబ్బా దగ్గర కూర్చుని చెప్పాడు. వేపచెట్లు రెండూ ఉన్నాయి. వాటి చుట్టూ చాప పరిచినట్టు పచ్చగడ్డి, సిమెంటు బెంచీలు, పిల్లల జారుడుబండ. ఇంకేమీ లేదు. సాయన్న సిలువ లేదు, బాలమ్మ రాయి లేదు. ఎర్రమట్టి పోసి రోలరు తిప్పి నున్నగా చేశారు. మాసయ్య భార్య చోటును ఎప్పుడూ పక్కవాళ్ల గుర్తులతోనే పోల్చుకునేవాడు. పక్కవాళ్లే లేకపోయేసరికి అటు నడిచాడు, ఇటు నడిచాడు, ఎక్కడ ఆగాలో తెలియలేదు. తాను పేర్చిన గుండ్రాళ్లలో ఒక్కటీ కనపడలేదు. అందరూ ఫోన్లలో అతని కన్నీళ్ల మీద కొట్లాడుకుంటున్న రోజుల్లోనే గోడ వెనక ఈ పని అయిపోయి ఉంటుంది.

"ఆమె మీదికెల్లి నడిచిన్నో ఏమో సేటూ. తెల్వలే నాకు" అన్నాడు.

"వాచ్‌మన్‌ను అడగలేదా?"

"అడిగిన. నేనొచ్చినప్పటికే గిట్లనే ఉన్నది తాతా, ఏముండె ఈడ అన్నడు."

"మరి నువ్వేమన్నావు?"

"ఏమనాలె? పిలగాడు కుర్చీ ఏసిండు, నీళ్లిచ్చిండు. మంచిగ జూసుకుంటున్నవ్ నాయినా అని వచ్చిన" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. నాకు కూడా ఆగలేదు. ఇద్దరం గిరాకీ ముందర చిన్నపిల్లల్లా ఏడ్చాం.

ఆ సాయంత్రం గేరివాళ్లు మళ్లీ కూర్చున్నారు. ఈసారి తొవ్వ కోసం రోడ్డు మీద ధర్నా చేయాలని మాట. పిలవకపోయినా మాసయ్య పోయాడు, అతని వెంట నేనూ పోయాను. ఎవరినీ పొగడలేదు. ఎవరి పిల్లల బాగోగులూ అడగలేదు. నడుమ నిలబడి ఉన్నమాట ఉన్నట్టు చెప్పాడు.

"బొందలగడ్డ లేదు. ఎత్తేసిండ్రు. తొవ్వ అడిగి లాభం లేదు, మా బొందలేమైనయని అడుగుండ్రి. నేను కండ్లార జూసొచ్చిన."

ఒకామె గోడ వైపు చెయ్యి చూపించింది.

"చెట్లు కనపడ్తనే ఉన్నయి గద!"

"మమ్ములెవ్వర్ని రానియ్యరు, నిన్నొక్కన్నే ఎట్ల రానిచ్చిండ్రు?" అన్నాడు ఇంకొకడు. అంతే, ఆ ప్రశ్న అందరి నోళ్లలోకీ పాకింది. తొవ్వ అడగకుండా చేయడానికి నందనవనం వాళ్లు మాసయ్యకు నేర్పి పంపిన కొత్త ఎత్తు అని తేల్చారు. జీవితంలో మొదటిసారి మాసయ్య బాధను ముందుపెట్టి మాట్లాడాడు, ఆ మాటకూ అదే గతి పట్టింది. నేను నోరు తెరవబోతే "నీకెందుకు సేటూ, నీ డబ్బా జూసుకో" అన్నారు. అరుణ్ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

సోమవారం ధర్నా జరిగింది. వందమంది దాకా రోడ్డు మీద కూర్చున్నారు. బస్సులు ఆగాయి. రాకేష్ ఫోను ఎత్తి పట్టుకుని తిరుగుతున్నాడు. నేను డబ్బాలోంచి చూస్తున్నాను. అందరికంటే వెనక వరసలో, మనుషులకు కొంచెం ఎడంగా మాసయ్య కూర్చుని ఉన్నాడు. ముందువాళ్లు "తొవ్వ కావాలె" అని అరిచినప్పుడల్లా అతనూ చెయ్యి ఎత్తి, ఆ బక్క గొంతుతో "తొవ్వ కావాలె" అంటున్నాడు. పోలీసులు వచ్చి లేపారు. మహిపాల్ ఫోన్లో మాట్లాడి, చూద్దామన్నాడు. జనం లేచి పోయారు.

మాసయ్య నా దగ్గరికి వచ్చి నీళ్లడిగాడు. సీసా చేతికిచ్చాను గానీ కోపం ఆపుకోలేకపోయాను.

"లేనిదానికి తొవ్వ ఎందుకు మాసన్నా? ఎవరి కోసం అరిచినవు? రేపు ఇద్దరిని నా వెంట పంపు, ప్లాటు కొనేవాళ్లమని చెప్పి లోపలికి తోల్కపోత. వాళ్ల కండ్లకు వాళ్లే చూసుకుంటరు."

మాసయ్య నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు. రోడ్డు దిగి గేరిలోకి పోతున్న ఆడవాళ్లను చూశాడు. వాళ్లలో పుష్పమ్మ కూతురు ఉంది, మొగుణ్ని ఆ చెట్ల కిందే పెట్టిన పిల్ల ఒకతె ఉంది. పోతూ పోతూ గోడ మీదుగా కనిపిస్తున్న వేపకొమ్మలకు దండం పెట్టుకుంటున్నారు.

"వద్దు సేటూ" అన్నాడు. "వాళ్లకైతే ఇంకా ఉన్నది గద."